సోయా వేసినవాడికి మొక్కజొన్న సబ్సిడీ: అమెరికా కౌంటీలో రైతు డబ్బు లెక్క

అయోవా రాష్ట్రం ఉత్తర భాగంలో కోసుత్ అనే కౌంటీ ఉంది. అక్కడ ఒకే రోడ్డుకు అటూ ఇటూ రెండు పొలాలు ఉన్నాయనుకుందాం. రెండింటిలోనూ ఈ ఏడు సోయానే వేశారు, ఇద్దరూ ఒకే ధరకు అమ్మారు. ఏడాది తిరిగాక ఒకాయన ఖాతాలో మొక్కజొన్న పేరు మీద పదహారు వేల డాలర్ల పైచిలుకు పడుతుంది. ఎదురు పొలం ఆయనకు పైసా రాదు. ఆఫీసులో తప్పేమీ జరగలేదు, ఎవరి చేతులూ తడపలేదు. చట్టం రాసిందే అలా.

తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు పట్టా ఉన్నవాడికా, సాగు చేసేవాడికా అన్న చర్చ నడిచింది. అమెరికాలో ఆ ప్రశ్న రెండోది. ముందు తేలాల్సింది, ఆ భూమికి కాగితాల మీద ఏ పంట చరిత్ర ఉందన్నది. ఇది పట్టుకుంటే మిగతా చిక్కుముడులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

కౌంటీ అంటే మన జిల్లా కన్నా చిన్నది, మండలం కన్నా పెద్దది. ఒక్క అయోవాలోనే 99 ఉన్నాయి. డబ్బు కేంద్ర ప్రభుత్వానిదే అయినా పంపకం పని చూసేది వ్యవసాయ శాఖ కింద ఉండే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ. అందరూ ఎఫ్‌ఎస్‌ఏ అంటారు. దేశమంతటా దీనికి రెండు వేలకు పైగా కౌంటీ ఆఫీసులున్నాయి. ప్రతిచోటా స్థానిక రైతులు ఓటేసి ఎన్నుకునే కమిటీ ఒకటి ఉంటుంది. సభ్యుల పదవీకాలం మూడేళ్లు. రైతు అర్హత మీద పేచీ వస్తే మొదట తేల్చేది ఈ కమిటీయే. రేట్లు, సూత్రాలు మార్చే అధికారం మాత్రం దానికి లేదు, అవన్నీ వాషింగ్టన్‌లో ఖాయమై వస్తాయి.

ఇక అసలు విషయం, బేస్ ఎకరాలు. ప్రతి పొలానికీ ఎఫ్‌ఎస్‌ఏ ఒక ఫార్మ్ నంబరు ఇస్తుంది. ఆ నంబరు కింద మొక్కజొన్న బేస్ ఇన్ని ఎకరాలు, గోధుమ బేస్ ఇన్ని ఎకరాలు అని రాసి ఉంటుంది. ఇవి ఈ ఏడు వేసిన పంటలు కావు. 1980లలో వేసిన విస్తీర్ణాలతో మొదలైన లెక్క ఇది. 2002 వ్యవసాయ చట్టం 1998 నుంచి 2001 వరకు వేసిన పంటల్ని బట్టి దాన్ని మార్చుకోనిచ్చింది. 2014 చట్టం 2009 నుంచి 2012 వరకు వేసిన వాటిని బట్టి పంటల మధ్య సర్దుకోనిచ్చింది గానీ, మొత్తం ఎకరాలు పెంచుకోనివ్వలేదు. పొలం అమ్మితే బేస్ భూమితోపాటే కొన్నవాడికి పోతుంది. పొలం కొనేటప్పుడు ఎఫ్‌ఎస్‌ఏ కాగితం అడిగి చూడకపోతే, చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు చెక్కల్లో ఒకటి ఏటా డబ్బు తెచ్చేదని, ఇంకొకటి తేనిదని తెలియదు.

బేస్ ఉన్న భూమిలో ఏం వేసినా ఫరవాలేదు. మొక్కజొన్న బేస్ మీద సోయా వేసుకోవచ్చు, పడావు పెట్టినా చెల్లింపు ఆగదు. కూరగాయలు, పండ్ల తోటలకే ఆంక్ష: బేస్‌లో 15 శాతం దాటి వాటిని వేస్తే దాటిన ప్రతి ఎకరానికీ చెల్లింపు కోస్తారు. వేసిన పంటతో చెల్లింపును ముడిపెడితే రైతులు ధర కోసం కాక సబ్సిడీ కోసం పంట వేస్తారన్నది ఇలా విడదీయడం వెనక ఉన్న వాదన. వాదన బాగానే ఉంది. కానీ దాని ఫలితం ఎంత వింతగా ఉంటుందో 2006లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక బయటపెట్టింది. 2000 నుంచి అప్పటిదాకా సాగు అన్నదే చేయని వాళ్లకు 130 కోట్ల డాలర్లు పోయాయని లెక్క తేల్చింది. టెక్సస్‌లో ఒకప్పటి వరి పొలాల్లో ఇళ్లు కట్టుకున్న వాళ్లకూ డబ్బు వచ్చింది. ధరతో సంబంధం లేకుండా ఏటా ఇచ్చే ఆ నేరుగా చెల్లింపుల పథకాన్ని 2014 చట్టం ఎత్తేసింది. బేస్ ఎకరాలు మాత్రం నిలిచాయి. 2018 చట్టం వచ్చాక, 2009 నుంచి 2017 వరకు పూర్తిగా గడ్డి కిందే ఉన్న పొలాల బేస్‌కు చెల్లింపు ఆగింది. బేస్ మొత్తం 10 ఎకరాలు, అంతకు తక్కువ ఉన్న పొలాలకూ చెల్లింపు లేదు. కొత్తగా సాగులోకి దిగినవారు, మాజీ సైనికులు, తక్కువ వనరులున్నవారు, సామాజికంగా వెనక్కి నెట్టబడినవారికే ఆ చట్టం ఇందులో మినహాయింపు ఇచ్చింది.

పత్తి సంగతి ఇంకాస్త మెలిక తిరిగింది. అమెరికా పత్తి సబ్సిడీల మీద బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి గెలిచింది. దాంతో 2014 చట్టం పత్తిని ధర రక్షణ జాబితా నుంచి తప్పించింది. రైతులు ఒత్తిడి తెచ్చాక 2018లో గింజతో కలిసి ఉన్న పత్తి అనే కొత్త పేరుతో తిరిగి చేర్చారు. మన యార్డులో కొనేదీ గింజతో ఉన్న పత్తే కాబట్టి పేరు మనకు వింతగా అనిపించదు. అక్కడ అది చట్టం చుట్టూ తిరిగి వచ్చే దారి.

బేస్ ఉన్నవాడికి రెండు పథకాల్లో ఒకటి ఎంచుకునే హక్కు ఉంటుంది. ఒకటి ధరను కాపాడుతుంది, రెండోది కౌంటీ ఆదాయాన్ని కాపాడుతుంది. ఆఫీసులో వీటిని పీఎల్‌సీ, ఆర్క్ అంటారు. మొక్కజొన్నకు ఒకటి, సోయాకు ఇంకొకటి ఎంచుకోవచ్చు.

పీఎల్‌సీ సులువు. చట్టం ప్రతి పంటకూ ఒక రిఫరెన్స్ ధర పెట్టింది. మొక్కజొన్నకు బుషెల్‌కు 3.70 డాలర్లు, సోయాకు 8.40, గోధుమకు 5.50గా ఉన్న ధరల్ని 2025 జులై 4న సంతకమైన చట్టం 4.10, 10.00, 6.35 డాలర్లకు పెంచింది. మొక్కజొన్న బుషెల్ అంటే దాదాపు 25.4 కిలోలు. మార్కెట్లో గత ఐదేళ్ల ధరలు బాగుంటే ఈ రిఫరెన్స్ కొంత పైకి కదులుతుంది: ఐదేళ్లలో అతి ఎక్కువ, అతి తక్కువ తీసేసి మిగిలిన మూడింటి సగటులో 88 శాతం వరకు. ఎంత కదిలినా చట్టంలోని ధరకు 115 శాతం దాటదు.

దేశవ్యాప్త సగటు ధర ఈ రిఫరెన్స్ కన్నా తగ్గితే తేడా చెల్లిస్తారు. ఇక్కడ రైతు ఎంతకు అమ్మాడన్నదానితో పని లేదు. బాగా బేరమాడి ఎక్కువకు అమ్మినా తేడా వస్తుంది, తొందరపడి తక్కువకు అమ్ముకున్నా అంతే వస్తుంది. ఉదాహరణకు 400 ఎకరాల మొక్కజొన్న బేస్, కాగితం మీద దిగుబడి ఎకరాకు 130 బుషెళ్లు అనుకుందాం. రిఫరెన్స్ 4.40, దేశ సగటు 4.00 అయితే తేడా 40 సెంట్లు. చెల్లింపు బేస్‌లో 85 శాతానికే, అంటే 340 ఎకరాలకు. 340ని 130తో, దాన్ని 0.40తో గుణిస్తే 17,680 డాలర్లు. అందులోంచి బడ్జెట్ కోత కింద 5.7 శాతం పోతుంది. ఖాతాలో పడేది 16,672 డాలర్లు.

ఆ 130 బుషెళ్లను గమనించండి. ఎకరాకు 33 క్వింటాళ్లన్నమాట. ఈ రోజు ఆ పొలం 200 బుషెళ్లు పండించవచ్చు. లెక్కకు తీసుకునేది మాత్రం పాత దిగుబడే. సవరించుకునే అవకాశం 2014 చట్టం ఒకసారి, 2018 చట్టం ఒకసారి ఇచ్చాయి. పాత అమ్మకం రసీదులు దాచుకున్న వాళ్లు సవరించుకున్నారు, దాచుకోని వాళ్ల పొలాలు పాత అంకెతోనే ఉండిపోయాయి.

ఆర్క్‌లో గొడవంతా కౌంటీ చుట్టూనే. ఐదేళ్ల కౌంటీ సగటు దిగుబడిని ఐదేళ్ల ధరతో గుణించి ఒక ప్రమాణ ఆదాయం కడతారు. దానిలో 90 శాతానికి హామీ. 2025కు ముందు 86 శాతమే ఉండేది. ఆ ఏడు కౌంటీ ఆదాయం హామీ కన్నా తగ్గితే తేడా ఇస్తారు, కానీ ప్రమాణంలో 12 శాతం మించి ఇవ్వరు. ప్రమాణం 190 బుషెళ్లు, 5 డాలర్లు అయితే ఎకరాకు 950, హామీ 855. ఆ ఏడు కౌంటీలో 200 బుషెళ్లు పండి ధర 4 డాలర్లుంటే ఆదాయం 800. లోటు 55. అదే 400 ఎకరాల బేస్‌కు కోత పోను 17,634 డాలర్లు వస్తాయి.

ఇప్పుడు అదే ధరకు కౌంటీలో 215 బుషెళ్లు పండాయనుకోండి. ఆదాయం 860, హామీ దాటింది, చెల్లింపు సున్నా. మీ పొలం మీద మాత్రం వడగండ్లు పడి చేను నేలమట్టమైతే? అప్పుడూ సున్నాయే. ఆర్క్ చూసేది కౌంటీని, మీ చేనుని కాదు. దాన్ని బీమా అనుకుని ఎంచుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. చేనుకు నష్టం వస్తే చూసుకునేది పంట బీమా. దాన్ని ప్రైవేటు కంపెనీలు అమ్ముతాయి, ప్రీమియంలో సగానికి పైగా ప్రభుత్వమే భరిస్తుంది.

కౌంటీ సగటు ఎక్కడి నుంచి వస్తుందన్నదీ ఒకప్పుడు పెద్ద తగాదా. 2014 చట్టం కింద గణాంక విభాగం సర్వేనే ప్రధాన ఆధారం. ఒక కౌంటీ అంకె ప్రకటించాలంటే కనీసం 30 మంది రైతుల జవాబులు రావాలి, లేదా కౌంటీలోని ఆ పంట విస్తీర్ణంలో నాలుగో వంతుకు సరిపడా జవాబులు కావాలి. సర్వే కాగితాలు చెత్తబుట్టలో వేసిన కౌంటీల్లో ఆ మేరకు జవాబులు రాలేదు. అక్కడ వేరే ఆధారం వాడారు, దాంతో పక్కపక్క కౌంటీల చెల్లింపుల మధ్య పొంతన లేకుండా పోయింది. 2018 చట్టం పంట బీమా రికార్డుల్ని ముందుకు తెచ్చింది. పొలం ఏ ఆఫీసు పరిధిలో నమోదైందని కాక భూమి ఏ కౌంటీలో ఉందన్నదాన్ని బట్టే లెక్క కట్టాలనీ చెప్పింది. అంతకు ముందు, రెండు కౌంటీల సరిహద్దు మీద ఉన్న రైతు తనకు దగ్గరని పక్క కౌంటీ ఆఫీసుకు మారితే అక్కడి సగటే ఇతనికీ వర్తించేది.

2025 పంటకు మాత్రం ఏది ఎంచుకున్నా రెండింటిలో ఏది ఎక్కువైతే అదే ఇస్తామని కొత్త చట్టం చెప్పింది. ఇది ఆ ఒక్క ఏటికే.

డబ్బు ఎప్పుడొస్తుందన్నది కొత్తవారిని ఎక్కువ తికమక పెట్టే సంగతి. 2025 ఏప్రిల్, మే నెలల్లో విత్తిన మొక్కజొన్నకు మార్కెట్ సంవత్సరం 2025 సెప్టెంబరు 1న మొదలై 2026 ఆగస్టు 31న ముగుస్తుంది. అది ముగిస్తే గానీ సగటు ధర తేలదు. కాబట్టి చెల్లింపు 2026 అక్టోబరు తర్వాతే. విత్తనం నాటిన 17, 18 నెలలకు వచ్చే డబ్బు ఆ పంట పెట్టుబడికి అక్కరకు రాదు, ఆపై పంట అప్పు తీర్చడానికి పనికొస్తుంది.

ధరలు పడిపోయిన ఏడు ఇంతకాలం ఆగలేమని రైతులు గోల పెడతారు, వాషింగ్టన్ అప్పటికప్పుడు ఒక ప్రత్యేక పథకం తెస్తుంది. చైనాతో సుంకాల గొడవ మొదలైన 2018లో సోయాకు బుషెల్‌కు 1.65 డాలర్లు ఇచ్చారు. 2019లో పద్ధతి మార్చి, ప్రతి కౌంటీకీ ఒకే ఎకరా రేటు కట్టారు. కనిష్ఠం 15, గరిష్ఠం 150 డాలర్లు. కౌంటీ గీతకు అటు ఒక రేటు, ఇటు ఒక రేటు. 2025 మార్చిలో వెయ్యి కోట్ల డాలర్ల పథకం ఎకరాకు మొక్కజొన్నకు 42.91, సోయాకు 29.76, పత్తికి 84.74 డాలర్లుగా మొదలైంది. గుర్తుంచుకోవాల్సిన తేడా ఒకటుంది: ఈ అత్యవసర పథకాలు చూసేది బేస్‌ను కాదు, నిజంగా వేసిన పంటను. బేస్ లేని ఎదురు పొలం ఆయనకూ ఇందులో డబ్బు వస్తుంది, సాగు నివేదిక ఇచ్చి ఉంటేనే.

ఆ నివేదికను ఫారం నంబరుతోనే 578 అని పిలుస్తారు. పొలం మ్యాపు మీద ఏ చెక్కలో ఏ పంట, ఎన్ని ఎకరాలు, ఏ తేదీన వేశారో రాసి సంతకం చేయాలి. అయోవా లాంటి మధ్య రాష్ట్రాల్లో వసంతకాలపు పంటలకు గడువు జులై 15. దాటితే రుసుము కట్టాలి, పైగా చేలో పంటో, కనీసం మోళ్లో కనబడాలి. బీమా కంపెనీకి చెప్పిన ఎకరాలు, ఇక్కడ చెప్పినవి కలవకపోతే రెండు చోట్లా ప్రశ్నలు వస్తాయి. వానల వల్ల విత్తలేకపోతే, చివరి విత్తు తేదీ దాటిన 15 రోజుల్లో ఆ మాట ఆఫీసుకు చెప్పాలి.

మిగతా కాగితాలు మూడు. చిత్తడి నేలల్ని సాగులోకి మార్చనని, కోత పడే వాలు నేలల్ని పాడుచేయనని ఒక హామీ. ఎవరు భూమి పెట్టారు, ఎవరు పెట్టుబడి, ఎవరు శ్రమ అని చెప్పే సాగు ప్రణాళిక. ఆదాయ పన్ను శాఖ దగ్గర తన ఆదాయం సరిచూసుకోవచ్చని అనుమతి. మూడేళ్ల సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటితే చెల్లింపు లేదు. 2025 చట్టం మాత్రం ఆదాయంలో 75 శాతం సాగు నుంచే వచ్చేవాళ్లకు కొన్ని పథకాల్లో దీన్ని సడలించింది. అర్హత ఉన్నా సంతకం లేకపోతే చెల్లింపు ఆగిపోతుంది. పెద్దాయన పోయాక పొలం నలుగురు పిల్లల పేరున పడుతుంది. వాటా ఉన్న ఒక్కరు సంతకం చేయకపోయినా ఆ ఒప్పందం ఆఫీసులోనే ఆగిపోతుంది. ఎక్కడో కాలిఫోర్నియాలో ఉన్న చెల్లెలి చేత ఆఫీసు ఫారం మీదే పవర్ ఆఫ్ అటార్నీ ముందుగా రాయించుకోవడమే దీనికి మందు. తిరస్కరణ లేఖ వస్తే అప్పీలుకు 30 రోజులే.

ఒక మనిషికి ఏడాదికి ఇంతే అన్న పరిమితీ ఉంది. 1,25,000 డాలర్లుగా ఉన్నదాన్ని 2025 పంట నుంచి 1,55,000 చేశారు. భార్యాభర్తలకు విడివిడిగా లెక్క. సాధారణ భాగస్వామ్య సంస్థలో ఐదుగురుంటే ఐదు పరిమితులు. అందుకే పెద్ద కమతాలు అన్నదమ్ములు, మేనల్లుళ్లతో భాగస్వామ్యాలు పెడతాయి. 2018 చట్టం కుటుంబం అన్న మాటను పెద్దనాన్న, చిన్నాన్న పిల్లల దాకా సాగదీసింది. ప్రతి ఒక్కరూ శ్రమో, యాజమాన్యమో అందించాలి. శ్రమ అయితే ఏడాదికి 1,000 గంటలు, లేదా తన వాటా పనిలో సగం, ఏది తక్కువైతే అది. గంటల చిట్టా ఎవరు రాసుకుంటారన్నది అడగకండి. పంట బీమా ప్రీమియం సబ్సిడీకి అసలు పరిమితే లేదు.

కౌలు విషయంలో వీళ్ల నియమం మనకు ఆసక్తిగా ఉంటుంది. పంట ప్రమాదంలో వాటా ఎవరిదో డబ్బు వాళ్లది. నగదు కౌలుకు ఇచ్చిన యజమానికి ఆర్క్, పీఎల్‌సీ రావు, మొత్తం కౌలుదారుకే. పాలుకు ఇస్తే పంటలో వాటా ఎంతో చెల్లింపులోనూ అంతే. తెలంగాణలో రైతుబంధు పాసుపుస్తకం ఉన్నవాడికే వెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కౌలుదారుకు సాగు హక్కు పత్రం ఇస్తామంది, కానీ దానికి యజమాని ఒప్పుకోలు కావాలి. అది అడిగితే వచ్చే ఏడు పొలం దక్కదేమోనన్న భయం కౌలుదారుది.

అయితే అమెరికా కౌలుదారుకు అంతా మిగులుతుందనుకోకూడదు. 2014 వ్యవసాయ శాఖ సర్వే ప్రకారం అక్కడ సాగు భూమిలో 39 శాతం కౌలు కింద ఉంది. అందులో 80 శాతం సాగు చేయని యజమానులది. సబ్సిడీ వస్తుందని తెలిస్తే యజమాని కౌలు పెంచుతాడు. బారెట్ కిర్వాన్ అనే ఆర్థికవేత్త 2009లో అచ్చువేసిన అధ్యయనంలో ఒక్కో అదనపు డాలరులో పావలా వంతు, అంటే 25 సెంట్లు, కౌలు రూపంలో యజమానికి చేరుతోందని తేలింది. కౌలు రాతలో దీనికి సంబంధించిన షరతు ఉందో లేదో సంతకానికి ముందే చూడాలి. 'సబ్సిడీ వస్తే కౌలు ఇంత పెరుగుతుంది' అన్న వాక్యం ఉంటే ఎఫ్‌ఎస్‌ఏ ఆ కౌలును నగదు కౌలుగా ఒప్పుకుంటుందా, పాలుగా చూస్తుందా అన్నది ఆ మాటల కూర్పు మీద ఆధారపడుతుంది. సంతకమయ్యాక కాదు, ముందే కౌంటీ ఆఫీసులో చూపించుకోవడం మేలు.

2026 నుంచి లెక్క మళ్లీ కదులుతోంది. 2019 నుంచి 2023 వరకు వేసిన విస్తీర్ణాల సగటు ఉన్న బేస్ కన్నా ఎక్కువైతే ఆ తేడాను కొత్త బేస్‌గా ఇస్తారు, దేశం మొత్తానికి 3 కోట్ల ఎకరాల లోపు. అర్హత ఉన్న ఎకరాలు అంతకన్నా ఎక్కువైతే అందరికీ దామాషాగా కోత. రోడ్డు ఎదురు పొలం ఆయనకు తలుపు తెరుచుకునేది ఇప్పుడే. కానీ ఆధారం ఆ ఐదేళ్ల 578 నివేదికలే. బేస్ లేదు కదా, రాసి ఏం లాభం అని అప్పట్లో ఇవ్వకుండా వదిలేసిన వాళ్లకు ఆ సంవత్సరాలు ఖాళీగా కనబడతాయి.

అమెరికాలో పొలం కొంటున్న తెలుగువాళ్లు ఎఫ్‌ఎస్‌ఏతో పెట్టుకోవాల్సిన పని ఇంకొకటుంది. పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేనివారు, హెచ్-1బీ మీద ఉన్నవారితో సహా, 1978 చట్టం కింద విదేశీ వ్యక్తులే. వ్యవసాయ భూమి చేతికి వచ్చిన 90 రోజుల్లో 153 నంబరు ఫారం ఆ భూమి ఉన్న కౌంటీ ఆఫీసుకు ఇవ్వాలి. పది ఎకరాల లోపు ఉండి పంట అమ్మకాలు ఏడాదికి వెయ్యి డాలర్లు మించని చిన్న చెక్కలకే మినహాయింపు. ఆలస్యమైతే జరిమానా వారానికి భూమి విలువలో 0.1 శాతం చొప్పున పెరుగుతూ 25 శాతం దాకా వెళ్తుంది. సబ్సిడీ కూడా కావాలంటే అలాంటి వ్యక్తి భూమి, పెట్టుబడితోపాటు తన సొంత శ్రమ కూడా గణనీయంగా పెట్టాలి. సియాటిల్‌లో ఉద్యోగం చేస్తూ అయోవా పొలాన్ని నగదు కౌలుకు ఇచ్చుకున్నవారికి ఆ అర్హత ఎలాగూ రాదు, ఫారం ఇవ్వాల్సిన బాధ్యత మాత్రం తప్పదు.